పాత నాపబండల దారి తీసేసి కాంక్రీటు వేయాలా, తారు వేయాలా? (ప్రొద్దుటూరు, నల్లరేగడి నేల)

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. మా ఇల్లు ప్రొద్దుటూరు శివారులో ఉంది, 1989లో కట్టించుకున్నాము. వీధి గేటు దగ్గర మొదలై ఇంటి తూర్పు గోడ పక్కగా వెనుక కారు షెడ్డు వరకు 60 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల దారి ఉంది. ఆ రోజుల్లో మాకు ఉన్నది ఒక స్కూటరు మాత్రమే కాబట్టి, నల్లమట్టి మీద జానెడు కూడా లేకుండా ఇసుక పోయించి, దానిపై రెండడుగుల నాపబండలు పరిపించి, సందుల్లో సిమెంటు పూయించి ఊరుకున్నాను. స్కూటరుకూ, సైకిళ్ళకూ, ధాన్యం బస్తాలు మోసే మనుషులకూ అది 30 ఏళ్ళు చాలింది.

కారు కొన్న తర్వాతనే ఇబ్బంది మొదలైంది. చక్రం నడిచే రెండు వరుసల్లో బండలు ఒక్కొక్కటిగా చిట్లుతున్నాయి, మిగిలినవి కాలు పెడితే ఊగుతున్నాయి. వాన వెలిసిన మరునాడు కారు లోపలికి వస్తే బండల కింద నుంచి బురదనీళ్ళు చిమ్మి గోడకు కొడుతున్నాయి. ఎండాకాలంలో అదే చోట బండ అంచు వెంబడి వేళ్ళు దూరేంత బీటలు కనిపిస్తాయి. దారికి నాలుగడుగుల దూరంలో మా అమ్మ నాటిన వేపచెట్టు ఒకటి ఉంది. దాన్ని కొట్టించే ఉద్దేశం లేదు.

న్యూజెర్సీలో ఉండే మా పెద్దబ్బాయి తమ వీధిలో ఇళ్ళన్నింటికీ తారు దారులే ఉన్నాయనీ, ఒక్క రోజులో పని ముగిసి మరునాటికి కారు నిలుపుకోవచ్చుననీ చెప్పి, తారే వేయించమంటున్నాడు. ఇక్కడే ఉండే చిన్నబ్బాయి కాంక్రీటు తప్ప మరొకటి వద్దంటున్నాడు. మాకు తెలిసిన బేల్దారి మాత్రం ఏదీ తవ్వనవసరం లేదని, ఉన్న బండల మీదనే నాలుగంగుళాల కాంక్రీటు పోసి రెండు రోజుల్లో అప్పజెప్తానని అంటున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలో, ఈ పని అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు, కడప

అయ్యవారికి నమస్కారం. ఉద్యోగ జీవితమంతా రోడ్ల పనుల్లోనే గడిపినవాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా బేల్దారి మాట పక్కన పెట్టండి. ఊగుతున్న బండల మీద నాలుగంగుళాలు పోస్తే ఆ కాంక్రీటుకు కింద ఆసరా ఒకచోట ఉంటుంది, ఒకచోట డొల్లగా ఉంటుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిదే గానీ వంపుకు బలహీనమైనది. డొల్ల మీదుగా చక్రం పోయినప్పుడల్లా పలక అడుగుభాగం సాగి, అక్కడ పుట్టిన పగులు పైకి వస్తుంది. పైగా దారి నాలుగంగుళాలు లేస్తుంది కాబట్టి గేటు తెరుచుకోవడం దగ్గర నుంచి ఇంటి పునాది మట్టం వరకు అన్నీ తారుమారవుతాయి.

మీరు కాంక్రీటా, తారా అని అడిగారు. మీరు రాసిన వాటిలో నన్ను ఆపిన సంగతి మాత్రం ఎండాకాలంలో వేళ్ళు దూరే బీటలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఉన్న నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని సన్నని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, నీరు పోతే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పత్తికి మేలు చేసే ఈ గుణమే ఇంటికీ దారికీ కీడు చేస్తుంది. ఇంటి గోడల బరువు కొంతవరకు ఆ ఉబ్బును అణచిపెడుతుంది గానీ, నాలుగైదు అంగుళాల పలకకు అంత బరువు ఉండదు కాబట్టి మట్టి దాన్ని సులువుగా ఎత్తేస్తుంది. అది కూడా అంతటా సమానంగా ఎత్తదు. అంచుల దగ్గర నీరు త్వరగా దిగి త్వరగా ఆరుతుంది, పలక నడుమ భాగం కింద తేమ ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అందువల్ల వానాకాలంలో అంచులు లేస్తాయి, ఎండాకాలంలో అంచులు కుంగుతాయి.

మీ మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో చేసే పరీక్ష ఒకటి ఉంది. దాన్ని మీరు పనిచేసిన బడిలోనే స్థూలంగా చేసి చూడవచ్చు. బండ ఎత్తి, రెండడుగుల లోతు నుంచి మట్టి తీసి, బాగా ఆరబెట్టి, నలిపి, సన్నని జల్లెడ పట్టండి. 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు తీసుకుని ఒక్కోదానిలో 10 గ్రాముల మట్టి వేసి, ఒకదానిలో కిరోసిన్, మరొకదానిలో శుద్ధజలం నిండుగా పోసి, బుడగలు పోయేలా కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండింటి తేడాను కిరోసిన్ జాడీలోని మట్టి ఘనపరిమాణంతో భాగించి నూటితో గుణిస్తే ఉబ్బు శాతం వస్తుంది. 50 శాతం దాటిన మట్టిని రహదారి పనుల్లో నింపుడుకు వాడనివ్వరు. ప్రమాణం ప్రకారం 425 మైక్రాన్ల జల్లెడ కావాలి. మీకు కావలసింది అంచనా మాత్రమే కాబట్టి పిండి జల్లెడతో సరిపెట్టుకోవచ్చు.

ఇక తారు గురించి. మీ అబ్బాయి చెప్పింది న్యూజెర్సీకి నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడ చలికాలంలో నేలలోని నీరు గడ్డకట్టి నేలను ఎత్తుతుంది, మంచు కరగడానికి చల్లే ఉప్పు కాంక్రీటు పైపొరను తినేస్తుంది, నల్లని తారు ఎండకు త్వరగా వెచ్చబడి మంచును కరిగిస్తుంది. ఇళ్ళ ముందు చిన్న దారులు వేయడమే వృత్తిగా పెట్టుకున్నవారూ, వారికి తగిన చిన్న రోలర్లూ అక్కడ ఉంటాయి. మన దగ్గర మంచూ లేదు, ఉప్పూ లేదు, ఉన్నదంతా ఎండ. మనం రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారు మెత్తబడే ఉష్ణోగ్రత ప్రమాణం ప్రకారం కనీసం 47 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలలో కడప జిల్లాలో గాలి వేడిమే 40 డిగ్రీలు దాటుతుంది, నల్లని ఉపరితలం వేడిమి 60 దాటుతుంది. అలాగైతే లారీలు తిరిగే రోడ్లు ఎలా నిలుస్తున్నాయని మీకు అనుమానం రావచ్చు. అక్కడ బరువును మోసేది ముఖ్యంగా ఒకదానిలో ఒకటి బిగిసిన కంకర, తారు దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ కంకరను అలా బిగించేది 8, 10 టన్నుల రోలరు. మీ 10 అడుగుల సందులో గోడ పక్కన అంతటి రోలరు తిప్పలేరు, తిప్పితే ఆ అదురుకు గోడకే చేటు. రోడ్డు మీద బండి కదులుతూ పోతుంది, ఇంట్లో కారు రోజంతా ఒకే చోట నిలబడుతుంది, నిలబడిన చోటనే స్టీరింగు తిప్పుతాము. సరిగ్గా ఈ రెండు పనులే మెత్తబడిన తారుకు పడవు.

మరొక చిక్కు కొలతది. మీ దారి 600 చదరపు అడుగులు. రెండంగుళాల మందాన తారు మిశ్రమం దాదాపు ఆరున్నర టన్నులు పడుతుంది, అంటే ఒక టిప్పరు నిండదు. అంత తక్కువ సరుకు కోసం తారునూ కంకరనూ వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటు నడిపేవారు దొరకరు, కాబట్టి ఎక్కడో రోడ్డు పనిలో మిగిలింది మీకు వస్తుంది.

పరీక్ష చేసి ఫలితం రాయండి, మిగతా విషయం అప్పుడు మాట్లాడుకుందాం.

జవాబు: అనంతపురం నుంచి

ఇంజనీరు గారు చివర రాసిన మాట అక్షరాలా మా ఇంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నాను. మాది ఎర్రనేల, గట్టి నేల. అందువల్ల కింద నుంచి మాకు ఏ బాధా లేదు. మూడేళ్ళ క్రితం మా కాలనీకి దగ్గరలో రోడ్డు పని జరుగుతుండగా, అక్కడి గుత్తేదారు దగ్గర పనిచేసే మనిషి ఒకరు తక్కువ ఖర్చుతో మా గేటు నుంచి పోర్టికో వరకు తారు వేస్తానని ఒప్పుకున్నారు. పొద్దున వస్తానన్న సరుకు సాయంత్రం నాలుగు గంటలకు వచ్చింది. ట్రాక్టరులో టార్పాలిన్ కూడా కప్పకుండా తెచ్చారు. పొగలు రావలసిన మిశ్రమం గడ్డలు కట్టి ఉంది. దాన్ని పారలతో పరిచి, చేతి రోలరు నాలుగుసార్లు లాగి వెళ్ళిపోయారు.

మొదటి ఎండాకాలంలోనే మోటారుసైకిల్ సైడు స్టాండు పెట్టినచోటల్లా గుంట పడింది. స్టాండు కింద చిన్న నాపరాయి ముక్క పెట్టుకోవడం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. పాత జీపు నుంచి డీజిలు కారిన చోట తారు కరిగి కంకర విడిపోయింది. మధ్యాహ్నం పూట ఆ వేడి కిటికీలో నుంచి గదిలోకి కొట్టేది. రెండో ఏడాదికి పైపొర చేత్తో గీకితే రాలసాగింది. చివరకు అంతా తవ్వించి కాంక్రీటు వేయించుకున్నాము. తారును నిందించడం నా ఉద్దేశం కాదు. మిశ్రమం దాదాపు 140 డిగ్రీలకు పైన ఉండగానే పరిచి, చల్లారకముందే రోలరు తిప్పాలని నాకు తర్వాత తెలిసింది. ఒక ఇంటి కోసం ఆ పద్ధతంతా పాటించేవారు మా ఊళ్ళో నాకు దొరకలేదు.

జవాబు: బండల వ్యాపారం, తాడిపత్రి

అయ్యవారూ, ఆ పాత బండలను దయచేసి పగలగొట్టించకండి. మీరు బండది తప్పన్నట్టు రాశారు గానీ, అంగుళంన్నర బండ కింద వదులు ఇసుక పెట్టి, పైన టన్నుకు పైగా బరువున్న కారు నడిపితే ఏ రాయి అయినా చిట్లుతుంది. నాపరాయి పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. పొర వెంబడి ఉలి పెడితే చక్కగా విడిపోతుంది, అందుకే తాడిపత్రిలోనూ బేతంచెర్లలోనూ ఇన్ని కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. అడుగున అంతటా ఆసరా ఉంటే తరాలు నిలుస్తుంది. మా తాతగారి ఇంటి వసారాలో ఎడ్లబండి ఇరుసు దిగిన బండలు ఇప్పటికీ ఉన్నాయి.

కారు నడిచే దారికి మళ్ళీ నాపబండలే వేయించమని నేను కూడా చెప్పను. వేయాలంటే అడుగున కాంక్రీటు బెడ్డు పోసి, దాని మీద సిమెంటు మాలులో రెండంగుళాల బండ పరవాలి. అప్పుడు కాంక్రీటు ఖర్చూ బండల ఖర్చూ రెండూ పడతాయి. బాగున్న బండలను జాగ్రత్తగా ఎత్తించి, ఇంటి చుట్టూ పునాది అంచున నడవడానికీ, బట్టలు ఉతికే చోటుకూ వాడుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, బాత్‌రూము కడిగే యాసిడ్ ఈ రాయి మీద పడితే నురగ వచ్చి తెల్లని మచ్చ పడుతుంది, అది ఎంత తోమినా పోదు.

జవాబు: కర్నూలు నుంచి

నాకు ఇంజనీరు గారితో కొంత భేదాభిప్రాయం ఉంది. ఉబ్బే నేల మీద బిరుసైన కాంక్రీటు పలక వేయడం కంటే, నేలతో పాటు కొద్దిగా కదిలే పేవర్ బ్లాకులు వేయడం మంచిది కదా? మా ఇంటికి 80 మిల్లీమీటర్ల బ్లాకులు వేయించి ఐదేళ్ళయింది. రెండుచోట్ల కుంగితే అక్కడి బ్లాకులు తీసి, కింద రాతి డస్టు సరిచేసి, అవే బ్లాకులు మళ్ళీ అమర్చుకున్నాము. కాంక్రీటు పగిలితే ఆ సౌలభ్యం ఉండదు. వాననీరు కూడా సందుల్లో నుంచి భూమిలోకి ఇంకుతుంది. బోర్లు ఎండిపోయే మన జిల్లాల్లో అది చిన్న విషయం కాదు.

అడిగినవారి నుంచి: ప్రొద్దుటూరు

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పిన పరీక్షను పాత బడిలోని సైన్సు అయ్యవారి సాయంతో చేశాము. కిరోసిన్ జాడీలో మట్టి 10 మిల్లీలీటర్ల గీత దగ్గర నిలిచింది, నీటి జాడీలో 18 దగ్గర నిలిచింది. అంటే 80 శాతం. పిల్లలు ఆ జాడీలను వారం రోజులు బల్ల మీదనే ఉంచుకున్నారు.

మొదట రాయని సంగతి ఒకటి ఇప్పుడు చెప్పాలి. ఆరేళ్ళ క్రితం మా వీధిలో పాత రోడ్డు మీదనే కొత్త సిమెంటు రోడ్డు వేశారు. ఇప్పుడు వీధి మా గేటు మట్టం కంటే దాదాపు తొమ్మిది అంగుళాలు ఎత్తుగా ఉంది. పెద్దవాన వస్తే వీధి నీరు గేటు కింద నుంచి దారి మీదికి వచ్చి, బండల సందుల్లోకి దిగిపోతోంది. దీన్ని ఎలా సరిచేయాలో, వేప వేళ్ళ దగ్గర ఎంత లోతు తవ్వవచ్చునో, ఏ నెలలో పని మొదలుపెట్టాలో కూడా చెప్పగలరు. కడప నుంచి రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) తెప్పించాలా, ఇంటి దగ్గరే కలిపించాలా అన్నది మరొక అనుమానం.

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు, కడప

వీధి ఎత్తు సంగతి మీరు మొదటే చెప్పి ఉంటే నా జవాబు అక్కడి నుంచే మొదలయ్యేది. మీ బండలు ఊగడానికి సగం కారణం ఆ నీరే అయి ఉంటుంది.

కర్నూలు మిత్రుని మాటలో నిజం ఉంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లనేలల్లో నేను కూడా బ్లాకులు నిలిచిన చోట్లు చూశాను, విప్పి మళ్ళీ అమర్చుకునే వీలు చాలా విలువైనది. కానీ సందుల్లో నుంచి నీరు ఇంకడమన్నది ఎర్రనేలలో వరం, నల్లరేగడిలో ఆ నీరే ఉబ్బుకు మేత. మీ దారి ఇంటి గోడకు ఆనుకుని ఉంది కాబట్టి అక్కడ నీరు దిగకుండా ఉండటమే ఇంటికి మంచిది. నీటిని పోగొట్టుకోవద్దనుకుంటే, ఇంటికి దూరంగా ఉన్న మూలకు మళ్ళించి అక్కడ ఇంకుడుగుంత పెట్టుకోండి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకున్నా మీ 600 చదరపు అడుగుల మీద పడేది 39 వేల లీటర్ల నీరు. నల్లమట్టిలో గుంతకు ఇంకే గుణం తక్కువ కాబట్టి, పొంగిన నీరు వీధి కాలువకు పోయే తూము తప్పకుండా పెట్టాలి.

80 శాతం ఉబ్బే మట్టిని అలాగే ఉంచి పైన ఏమి వేసినా డబ్బు వృథా. ఇప్పుడున్న బండల పైమట్టమే కొత్త దారికి కూడా పైమట్టంగా పెట్టుకుని, అక్కడ నుంచి రెండడుగుల లోతు తవ్వించండి. అడుగున ఒక అడుగున్నర మేర ఉబ్బని గరుసు (మొరం) నింపి, పైన కాంక్రీటు పలకకు చోటు ఉంచుకోవాలి. 600 చదరపు అడుగులకు రెండడుగులంటే 1,200 ఘనపుటడుగుల మట్టి. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగుల లెక్కన 15 ట్రిప్పులు పడతాయని అనుకోండి. ఆ మట్టిని తోటకో పొలానికో అడిగేవారు మీ వైపు తప్పక ఉంటారు. గరుసును ఒక్కసారిగా కుమ్మరించకుండా ఆరంగుళాల పొరగా పరిచి, తడిపి, ప్లేటు వైబ్రేటరుతో దిమ్మిస చేసి, ఆ తర్వాతే రెండో పొర పోయాలి. కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు అందరూ కాంక్రీటు మందం గురించి గట్టిగా అడుగుతారు, ఈ దిమ్మిస దగ్గర మాత్రం ఎవరూ నిలబడరు. మీరు కుర్చీ వేసుకుని కూర్చోవలసిన రోజులు ఇవే.

తవ్వకం ఇంటి పునాది అడుగు మట్టం కంటే కిందికి పోకూడదు. పునాది లోతు ఎంతో ముందు ఒకచోట చిన్న గుంత తీసి చూసుకోండి. వేపచెట్టు వైపు జేసీబీని రానివ్వకండి. అక్కడ గడ్డపారతో తవ్వించి, మణికట్టు కంటే లావైన వేరు తగిలితే దాన్ని కోయకుండా ఆ మేరకు లోతు తగ్గించుకోండి. చెట్టు తన చుట్టూ తేమను లాగేస్తుంది కాబట్టి ఆ భాగం మిగతా దారి కంటే ఎక్కువ కదులుతుంది. అక్కడ ఒక పలక పగిలినా ఆ ఒక్కటే మార్చుకునేలా జాయింట్లు పెట్టుకుందాం.

పలక మందం ఐదంగుళాలు పెట్టండి. వట్టి కారుకు నాలుగు చాలు గానీ, మీ సంపుకు ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళ ట్యాంకరు లోపలికి వస్తుంది. ఐదంగుళాలకు 250 ఘనపుటడుగులు, అంటే ఏడు ఘనపు మీటర్లకు కొంచెం ఎక్కువ కాంక్రీటు అవుతుంది. ఇంటి దగ్గర 1:1.5:3 పాళ్ళలో కలిపితే 57 బస్తాల సిమెంటు, 105 ఘనపుటడుగుల ఇసుక, 210 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర పడతాయి. వృథా కోసం కొంచెం పైన వేసుకోండి. రెడీమిక్స్ బండి ఒకటి సాధారణంగా ఆరు ఘనపు మీటర్లు తెస్తుంది, మీకు రెండో బండి అవసరమవుతుంది. ప్రొద్దుటూరుకు చేరేసరికి ఎండలో ఆలస్యమైతే డ్రైవరు నీళ్ళు కలుపుతాడన్న భయం ఒకటి ఉంటుంది. ఈ పనికి మిక్సరు తెప్పించి ఇంటి దగ్గర కలిపించడమే నాకు ఇష్టం, ఎందుకంటే పలకలను ఒకటి విడిచి ఒకటి పోయవచ్చు. ఇసుకలోని తేమతో కలిపి బస్తాకు 25 లీటర్లకు మించి నీరు పోయనివ్వకండి. జారుగా ఉంటే బేల్దారికి పని సులువు, కానీ ఆరిన తర్వాత పైపొర పొడిపొడిగా లేస్తుంది.

60 అడుగుల దారిని పదేసి అడుగుల ఆరు చదరాలుగా విడగొట్టాలి. కాంక్రీటు ఆరేటప్పుడు ఎలాగూ కుంచించుకుంటుంది, పగలక మానదు. ఆ పగులు మనం గీసిన గీతలో వస్తే అది జాయింటు, అడ్డదిడ్డంగా వస్తే బీట. మొదట ఒకటి, మూడు, ఐదో చదరాలు పోసి, రెండు మూడు రోజుల తర్వాత మిగిలిన మూడు పోస్తే కట్టరుతో కోసే పని కూడా తప్పుతుంది. ఇంటి గోడకూ పలకకూ మధ్య, గేటు స్తంభాల చుట్టూ, అరంగుళం థర్మోకోల్ పట్టీ పెట్టండి. పలక లేచినా దిగినా గోడను పట్టి లాగకుండా అది కాపాడుతుంది. 8 ఎంఎం ఊచలను ఎనిమిదంగుళాల దూరంలో జాలీగా కట్టి, చదరానికి చదరం విడిగా పెట్టించండి. ఆ జాలీ నేల మీద పడుకుంటే దండగ. కవరు బ్లాకుల (చిన్న సిమెంటు దిమ్మల) మీద ఎత్తి, పలక పైభాగానికి రెండంగుళాల లోపల ఉండేలా చూడండి. పగుళ్ళను అది ఆపదు, వచ్చిన పగులు నోరు తెరవకుండా పట్టి ఉంచుతుంది.

వాలు ఇంటి గోడ నుంచి కాంపౌండు గోడ వైపు పది అడుగులకు రెండంగుళాలు ఇవ్వండి. కాంపౌండు గోడ వెంబడి చిన్న కాలువ తీసి వెనుక మూలకు కలపండి. ఉపరితలాన్ని నున్నగా రుద్దించవద్దు, పొడి సిమెంటు చల్లనివ్వవద్దు. తేమ మెరుపు పోయిన తర్వాత కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు లాగిస్తే వానలో టైరు జారదు.

కాలం విషయానికి వస్తే, మన జిల్లాకు అక్టోబరు, నవంబరు వానలు పోయాక డిసెంబరు, జనవరి సరైన నెలలు. మండుటెండల్లో ఎండిపోయి బీటలిచ్చిన నేల మీద పని చేస్తే, మొదటి వానకే అది ఉబ్బి మొత్తం పలకను ఎత్తుతుంది. ఇప్పుడు దొరికేది ఎక్కువగా పీపీసీ (బొగ్గు బూడిద కలిపిన) సిమెంటు కాబట్టి క్యూరింగు (తడి ఆరకుండా ఉంచడం) పది రోజులకు తగ్గకూడదు, 14 రోజులు చేస్తే మరీ మంచిది. పొద్దునా సాయంత్రం పైపుతో చల్లడాన్ని నేను క్యూరింగు అనను. మట్టితో చిన్న మడులు కట్టి నీళ్ళు నిలపండి, లేదా తడి గోనెపట్టలు కప్పి ఉంచండి. కారును రెండు వారాలు వీధిలో ఉంచుకోండి, ట్యాంకరును 28 రోజుల వరకు రానివ్వకండి.

వీధి నీటికి గేటు లోపల అడ్డంగా తొమ్మిదంగుళాల వెడల్పు కాలువ కట్టించి, పైన ఇనుప జాలీ వేయించి, పక్క కాలువలో కలపండి. వీధి నుంచి దారిలోకి దిగే వాలును ఒక్కసారిగా కాకుండా మొదటి పది అడుగుల చదరం పొడవునా ఇవ్వండి, లేకపోతే కారు అడుగు తగులుతుంది.

జవాబు: అనంతపురం నుంచి

చిన్న చేర్పు. కాంక్రీటు పోసే ముందే సంపుకు వచ్చే నీటి పైపు, గేటు లైటు వైరు పోవడానికి రెండు మూడు అంగుళాల పీవీసీ పైపులు రెండు దారికి అడ్డంగా వేయించుకోండి. మేము అది మరచిపోయి, కొత్త కాంక్రీటును ఆరు నెలలకే కోయించాము.

అడిగినవారి నుంచి: ప్రొద్దుటూరు

పెద్దబ్బాయికి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. ఎండ లెక్క వినగానే తారు మాట మానేసి, ఊచల ఖర్చు తాను పంపుతానన్నాడు. డిసెంబరు రెండో వారంలో తవ్వకం మొదలుపెట్టాలని నిశ్చయించాము. నల్లమట్టిని మా ఊరి రామేశ్వరం వైపు తోట ఉన్న బంధువులు తోలుకుంటామన్నారు. తాడిపత్రి వారి మాట ప్రకారం పగలని బండలు లెక్కపెట్టించాను, 150లో 94 బాగున్నాయి.

నిన్న కొత్త బేల్దారి వచ్చి టేపు పట్టి చూసి, మొదటి చదరానికి వాలు ఇస్తే లోపలికి తెరుచుకునే గేటు రెక్క అంచు కాంక్రీటుకు తగులుతుందని చెప్పాడు. వెల్డింగు షాపు అతనిని రమ్మన్నాను. గేటును వీధి వైపు తెరిస్తే దారిన పోయేవారికి అడ్డం కాబట్టి, పక్కకు జరిగే గేటుగా మార్పించి, చక్రాల పట్టాను ఆ జాలీ కాలువ అంచున బిగించవచ్చునేమో ఇంజనీరు గారు చెప్పగలరు.

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు, కడప

బిగించవచ్చు, కానీ కాలువ అంచున వద్దు. ఆ అంచు ఉబ్బే నేలతో కదిలితే పట్టా వంకరపోయి గేటు ఇరుక్కుంటుంది. గేటు స్తంభాల పునాదులను కలుపుతూ విడిగా ఒక చిన్న బీము పోయించి, పట్టాను దాని మీద బిగించండి. ఆ బీముకూ మొదటి చదరానికీ మధ్య కూడా థర్మోకోల్ పట్టీ పెట్టడం మరచిపోకండి.